నీ రౌతుల గుర్రాలకు దాణా ఏది?

తమ్ముడూ,

బ్రిటిష్ కాలంలో దొరల గుర్రపు దళమైన బిహార్ లైట్ హార్స్ చరిత్ర మీద నీ రాతప్రతి చదివాను. దుమ్ము బాగా లేపావు. గుర్రాలు మాత్రం ఉలవగుగ్గిళ్లు తింటున్నాయి! ఉలవలు మద్రాసు వైపు గుర్రాల దాణా. ఈ దళం ఉన్న ముజఫర్‌పూర్‌లో గుర్రానికి పెట్టేది శనగలు. చిన్న తప్పే, కానీ తెలిసినవాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఈ దళం 1862లో పుట్టినప్పుడు దాని పేరు సుబా బిహార్ మౌంటెడ్ రైఫిల్స్. ఏ ఏటి సంగతి రాస్తుంటే ఆ ఏటి పేరే రాయి. పాత కాగితాలు వెతికేటప్పుడు ‘బెహార్’, ‘మొజఫర్‌పోర్’ అనే ఆనాటి స్పెల్లింగులు కూడా వాడు, లేకపోతే చాలావి చిక్కవు. ఇక గుర్రపు సిపాయిని ‘సవారు’ అనడం ఇండియన్ రిసాలాల్లో, అంటే మనవాళ్ల గుర్రపు దళాల్లో మాట. ఈ దళంలోవాడు ట్రూపర్.

‘వాలంటీరు’ అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త. 1869 వాలంటీర్ల చట్టం కింద చేరినవాడు తన ఇష్టంతో చేరినవాడే. 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం వచ్చాక, ఇక్కడ ఉన్న యూరోపియన్ బ్రిటిష్ మగవాళ్లకు ఆ సేవ నిర్బంధమైంది. 1920లో ఆగ్జిలరీ ఫోర్స్ చట్టంతో మళ్లీ ఇష్టానికి వదిలారు. అంటే నీ 1918 ట్రూపర్‌ని వాలంటీరు అనడం కుదరదు. మనవాళ్లకైతే ఆ తలుపు దాదాపు మూసే ఉంచారు. మమ్మల్నీ చేర్చుకోండని 1886 కలకత్తా కాంగ్రెస్ అడగాల్సి వచ్చింది.

పోరాట విన్యాసం రాసిన చోట 40 మంది దిగి 40 తుపాకులూ పేల్చారు. మరి గుర్రాలు ఎవరు పట్టుకున్నారు? నలుగురిలో ముగ్గురు దిగితే, నాలుగోవాడు నాలుగు గుర్రాల కళ్లేలూ పట్టుకుని వెనక చాటున ఉంటాడు. పేలేవి 30. ఆ పదిమందీ లేకపోతే సాయంత్రం అందరూ నడిచి ఇంటికి పోవాలి.

గోవా రేవులో జర్మన్ ఓడ మీద జరిగిన దాడిని వీళ్లకు అంటగట్టావు, సినిమా ప్రభావం కాబోలు. అది కలకత్తా లైట్ హార్స్ పని. 1943 మార్చి 9 రాత్రి ‘ఫీబీ’ అనే బార్జి మీద వెళ్లింది 18 మంది: వాళ్లలో 14 మంది లైట్ హార్స్, నలుగురు కలకత్తా స్కాటిష్ అనే ఇంకో దళం వాళ్లు. గుర్రం ఒక్కటీ లేదు. ఆ అధ్యాయం తీసెయ్.

దాని చోట నీలిమందు పెట్టు. ఈ ట్రూపర్లలో ఎక్కువమంది నీలిమందు దొరలే. పక్క చంపారన్‌లో తీన్‌కఠియా నడిచేది: బిగాకు 20 కఠాలైతే 3 కఠాల్లో రైతు నీలి వేసి తీరాలి. ఆదివారం కవాతులో మెరిసే దొర, సోమవారం ఆ రైతు పొలం గట్టు మీద అదే గుర్రంతో నిలబడతాడు. దళం కాగితాల్లో ఆదివారమే దొరుకుతుంది. సోమవారం కోసం 1917 చంపారన్ విచారణలో రైతుల వాంగ్మూలాలు చదువు.

మరొకడు నీ పేజీల్లో అసలు లేడు: గుర్రాన్ని చూసుకునే పనివాడు, సైసు. గుర్రానికొక సైసు, గడ్డి కోసుకొచ్చేవాడు ఇంకొకడు ఉండేవారు. దొర దిగి కళ్లెం విసిరి లోపలికి పోయాక సైసు పని మొదలు. జీను పటకా వదులు చేస్తాడు, చెమట ఆరేదాకా నడిపిస్తాడు, కాళ్లు తడిమి వాపు చూస్తాడు, ఆ తర్వాతే నీళ్లు, ఆపైన శనగలు. వేడి మీదున్న గుర్రానికి దాణా పెడితే కడుపునొప్పితో పొర్లుతుంది. కవాతు దృశ్యాన్ని వాడు కళ్లెం అందుకునే చోటు నుంచి తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య