పాపకి హమ్మస్ చేసే ముందు ఇది చదువు

అమ్మాయీ,

మొన్న ఫోన్‌లో పాపకి హమ్మస్, అదే శనగలూ నువ్వులూ కలిపి మెత్తగా రుబ్బే అరబ్బుల ముద్ద, ఎట్టా చెయ్యాలని అడిగావు, సిగ్నల్ సరిగ్గా లేక సగం సగమే చెప్పాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. శనగలు పసిపిల్లలకి అరగవని మీ అత్తగారు అన్నారని బాధపడ్డావు. ఆమె మాట తీసిపారెయ్యొద్దు. పలుకు మిగిలిన శనగ పద్నాలుగు నెలల పిల్లకి నిజంగానే అరగదు. బాగా ఉడికి, పొట్టు పోయి, వెన్నలా నలిగిన శనగ సంగతి వేరు. నువ్వు శ్రద్ధ పెట్టాల్సింది అక్కడే, రుచి సంగతి తర్వాత.

ముందు కొనేటప్పుడే చూసుకో. పెద్ద తెల్ల శనగలు, మన వైపు కాక్-2 అంటారే, అవే కావాలి. మన ప్రకాశం నల్లరేగడిలో బాగా పండుతాయి. కాకపోతే రేటు రాక రైతులు కోల్డ్ స్టోరేజీలో రెండేళ్లు, మూడేళ్లు పెట్టిన సరుకు కూడా అంగళ్లకి వస్తుంది. అంత పాత శనగలు ఎంత నానబెట్టినా ఒక పట్టాన ఉడకవు. అంగడతన్ని కొత్త పంటేనా అని గట్టిగా అడుగు.

అర గ్లాసు శనగలు రాత్రే నిండా నీళ్లు పోసి నానబెట్టు. పొద్దున ఆ నీళ్లు పారబోసి కడిగి, కుక్కర్లో చిటికెడు వంటసోడా, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి ఏడెనిమిది విజిల్స్ రానిచ్చి, సన్నసెగ మీద ఇంకో పది నిమిషాలు ఉంచు. పచ్చి వెల్లుల్లి ఘాటుకి పాప మొహం తిప్పేస్తుంది, ఉడికిన రెబ్బ చాలు. ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కితే ముద్దయిపోవాలి, పలుకు తగిలితే మళ్లీ పొయ్యి మీద పెట్టు. తర్వాత చన్నీళ్లలో వేసి నలిపితే పొట్టు పైకి తేలుతుంది, తీసెయ్యి. మా మనవరాలికి మొదటిసారి చేసినప్పుడు నేను ఈ పని వదిలేశాను, పొట్టు అంగిట్లో అంటుకుని పిల్ల ఉక్కిరిబిక్కిరి అయింది, ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు. ఉడికిన శనగ గింజని గింజగా ఎప్పుడూ చేతికివ్వద్దు.

ఇక నువ్వులు. కొంతమంది పిల్లలకి నువ్వులు పడవు. అందుకని హమ్మస్‌లో కలపకముందే, వేరే కొత్త తిండేదీ పెట్టని రోజు చూసుకుని, పొద్దుటిపూట వేయించి మెత్తగా నూరిన నువ్వుల ముద్ద చెంచా కొసకి అంటినంత, అన్నంలోనో పెరుగులోనో కలిపి పెట్టి రెండు గంటలు కనిపెట్టుకుని ఉండు. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు కనిపిస్తే ఇంక పెట్టకుండా డాక్టర్‌కి చూపించు. ఊపిరి ఇబ్బందైనా, పిల్ల సోలిపోయినా 108కి ఫోన్ చెయ్యి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. పాపకి ఇంతకుముందు గుడ్డు పడకపోయినా, ఒంటి మీద గజ్జి లాంటి పొక్కులు తరచూ వచ్చినా ముందే డాక్టర్‌ని అడుగు.

పడ్డాయి అనుకున్నాక పని తేలిక. పొట్టు తీసిన తెల్ల నువ్వులు నాలుగు చెంచాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు, ఎర్రబడితే చేదొస్తుంది. ఆరాక చిన్న జార్‌లో కొంచెం నువ్వుల నూనె వేసి జారుగా తిప్పు. మన గానుగ నూనె వాసన కొంచెం గట్టిగా ఉంటుంది, తక్కువే వెయ్యి. అందులో శనగలు, అర నిమ్మచెక్క రసం వేసి, ఫ్రిజ్‌లో పెట్టిన కాచిన నీళ్లు చెంచా చెంచా పోస్తూ నాలుగైదు నిమిషాలు ఆగి ఆగి తిప్పు. ఈ చన్నీళ్ల కిటుకు కువైట్‌లో ఇళ్లల్లో వంట చేసి వచ్చిన మా పక్కింటామె చెప్పింది, ముద్ద తెల్లగా, నురగలా పొంగుతుంది. హమ్మస్ అంటే అరబ్బీలో శనగలేనని కూడా ఆమె దగ్గరే విన్నాను. నిమ్మకాయ పులుపు కోసమే అనుకోవద్దు, శనగలో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి అది పనికొస్తుంది. పొదలకూరు కాయలు మీకు దగ్గరే కదా, బాటిల్ రసం ఎందుకు?

ఉప్పు వెయ్యకముందే పాప వాటా తీసి పక్కన పెట్టెయ్యి. మీకు కావాల్సిన ఉప్పు, కారం మిగతా దాంట్లో కలుపుకోండి.

మొదటి రోజు ఒక్క చెంచా చాలు, గ్యాస్ పట్టకపోతే మెల్లగా పెంచు. గట్టి ముద్ద చెంచా నిండా నోట్లో పెట్టొద్దు, అంగిలికి అతుక్కుంటుంది. కొంచెం పలచన చేసి ఇడ్లీ ముక్కకో, మెత్తటి దోసెకో పల్చగా రాసి, కూర్చోబెట్టే పెట్టు. క్యారెట్ అయితే ఆవిరి మీద మెత్తబడిందే ఇవ్వు, పచ్చిది వద్దు.

ఫ్రిజ్‌లో మూడు రోజులు, అంతే. ఎండాకాలం కరెంటు ఎక్కువసేపు పోయిందంటే వాసన చూసి నిర్ణయించొద్దు, పారెయ్యి. ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే నెల దాకా ఒక్కో గడ్డ తీసి వాడుకోవచ్చు. పాప ఎంగిలి చెంచా మాత్రం గిన్నెలో ముంచొద్దు.

సంతకి ఒంగోలు వస్తానన్నావు కదా, ఈ ఏటి కొత్త శనగలు రెండు కేజీలు నీ కోసం డబ్బాలో పోసి పెట్టాను, తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ