యాంటీబాడీలు తయారవ్వకముందే వైరస్ వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది?

కణం వైరస్‌ని పేరుపెట్టి గుర్తుపట్టదండీ, ఉండకూడని చోట ఉండకూడని వస్తువు ఉందా అని మాత్రమే చూస్తుంది. ఫ్లూనే తీసుకోండి, దాని జీనోమ్ ఆర్‌ఎన్‌ఏ. మన సొంత ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకి ఒక క్యాప్, అంటే మూత లాంటి రసాయన గుర్తు ఉంటుంది, ఫ్లూ జీనోమ్ ముక్కల కొసన మాత్రం మూడు ఫాస్ఫేట్లు బయటికే కనిపిస్తుంటాయి, రిగ్-ఐ అనే ప్రోటీన్ సరిగ్గా ఆ కొసనే పట్టుకుంటుంది. పట్టుకోగానే దాని ఆకారం మారి మైటోకాండ్రియా మీదున్న మావ్స్ అనే ప్రోటీన్‌ని లేపుతుంది, అక్కణ్ణుంచి సిగ్నల్ న్యూక్లియస్‌కి వెళ్లి, పక్క కణాలని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ జీన్ ఆన్ అవుతుంది.

హెర్పిస్ లాంటి డీఎన్‌ఏ వైరస్‌లకి వేరే దారి. డీఎన్‌ఏ ఉండాల్సింది న్యూక్లియస్‌లో, మైటోకాండ్రియాలో, అది బయట సైటోప్లాజంలో దొరికిందంటే ఏదో తేడా ఉన్నట్టే, సీగ్యాస్ అనే ఎంజైమ్ దానికి అంటుకుని సీగ్యాంప్ అనే చిన్న అణువుని తయారుచేస్తుంది, అది స్టింగ్ అనే ప్రోటీన్‌ని లేపుతుంది, మళ్లీ ఇంటర్‌ఫెరానే. సీగ్యాస్‌ని 2013లో డల్లాస్‌లో జేమ్స్ చెన్ ల్యాబ్ బయటపెట్టింది, నా దృష్టిలో ఇమ్యునాలజీలో చాలా అందమైన పని ఇది, ఎందుకంటే ఆ డీఎన్‌ఏలో ఏం రాసుందో సీగ్యాస్‌కి అనవసరం.

ఇంటర్‌ఫెరాన్ పక్క కణాలకి చేరితే వాటిలో వందల జీన్లు ఆన్ అవుతాయి. పీకేఆర్ అని ఒకటుంది, అది డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ తగిలితే కణంలో ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది, దాంతో వైరస్ కాపీలు కూడా ఆగుతాయి. ఫ్లూలో ఒళ్లు నొప్పులు, జ్వరం రావడానికి ఈ ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక కారణమే. వైరస్ కూడా ఊరుకోదు, ఫ్లూకి ఎన్‌ఎస్1 అనే ప్రోటీన్ ఉన్నది ముఖ్యంగా ఈ రిగ్-ఐ దారిని మూసేయడానికే.