జీవనది అంటే మంచు కరిగి పారేదేనా?

సందేహం: "హిమాలయాల్లో పుట్టిన గంగ, యమున జీవనదులు, దక్కన్ నదులు వర్షాధార నదులు" అని మా పాప సోషల్ పాఠంలో ఉంది. మరి గోదావరిని జీవనది అనడం తప్పా? గంగ హిమానీనదంలో పుట్టిందని కూడా రాశారు. నదిలో నది పుట్టడమేమిటి?

సమాధానం: తప్పేమీ లేదు, నిస్సంకోచంగా అనండి. ఏడాది పొడవునా పారే నది జీవనది. ఆ నీరు మంచుదా, వానదా అన్నది ఆ మాటకు పట్టదు. త్ర్యంబకం కొండల్లో పుట్టే గోదావరికి మంచుతో సంబంధమే లేదు. ఎండాకాలంలో పైన ఎంత సన్నబడ్డా, శబరి, సీలేరు నీళ్లు కలిసి రాజమండ్రి దగ్గర ధార తెగనివ్వవు. దాళ్వా వేసిన డెల్టా రైతు సీలేరు నీళ్లు వదిలారా లేదా అని ఆరా తీసేది అందుకే. వేసవిలో ఇసుకలో చెలమ తవ్వుకోవాల్సిన పెన్నను మాత్రం ఎవరూ జీవనది అనరు.

అసలు చిక్కు పాఠంలోని విభజనలోనే ఉంది. ఒకవైపు పారే తీరునూ ఇంకోవైపు నీటి ఆధారాన్నీ పెట్టి, రెండూ ఎదురెదురు జాతులన్నట్టు రాశారు. గంగ కూడా వాన నీళ్ల నదే. హరిద్వార్ దగ్గర మైదానంలోకి దిగి పట్నా చేరేసరికి, ఏడాదిలో అందులో పారే నీటిలో ఎక్కువ భాగం నైరుతి వానలదే. పట్నాకు ఎగువన అందులో కలిసే శోణ అమర్‌కంటక్‌లో పుట్టింది, దానికీ మంచు లేదు. వానలు పడకముందు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా గంగను ఆదుకోవడంలోనే మంచు విలువ తెలుస్తుంది. సింధు సంగతి వేరు, అది మంచు మీద చాలా ఎక్కువగా ఆధారపడుతుంది.

ఇక హిమానీనదం. హిమాని అంటే పేరుకున్న మంచు. 'హిమానీ హిమసంహతిః' అని అమరకోశం. ఆ మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే లోయలోకి మెల్లగా జారుతుంది కనుక నదం అన్నారు. చక్కగా కుదిరిన మాట, 'హిమనీనదం' అని రాసి చెడగొట్టకండి. గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. దాని కొస గోముఖం. అక్కడ బయటపడే నీరు భాగీరథి, దేవప్రయాగలో అలకనందతో కలిశాకే దానికి గంగ అన్న పేరు. కాబట్టి గంగ హిమానీనదం కాదు, అందులోంచి వచ్చిన నది.

మీ పాపను ఇలా రాయమనండి: "హిమాలయాల్లో పుట్టిన పెద్ద నదులు జీవనదులు. వాటికి మంచు, వాన రెండూ ఆధారం."