మధ్యాహ్నం మేత ఎవరు వేస్తారు?

ఇంటి అక్వేరియం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు హనుమకొండకు చెందిన విశ్రాంత జువాలజీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది నయీంనగర్. 4 అడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది, సుమారు 450 లీటర్లు. క్లౌన్ చేపలు, సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) బాగానే ఉన్నాయి. ఇప్పుడు యాంథియాస్ అనే రంగురంగుల సముద్రపు చేపల గుంపు పెంచాలని ఉంది. హైదరాబాద్‌ దుకాణంలో నారింజ రంగువీ, ఊదా రంగు పర్పుల్ క్వీన్ అనేవీ చూపించారు. ఏవి తేవాలి, ఎన్ని తేవాలి? మా ఆవిడా నేనూ ఇద్దరం ఉద్యోగస్తులం.

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖరి వాక్యంలో ఉంది. ట్యాంకు సరిపోతుంది, నీళ్లు కూడా సర్దుకుంటాయి. కానీ పొద్దున తొమ్మిదింటికి తాళం వేసి రాత్రి ఏడింటికి తీసే ఇంట్లో యాంథియాస్‌కు కడుపు మాడుతుంది. సముద్రంలో ఇవి పగడాల గట్టు పైన గుంపుగా నిలబడి, ప్రవాహంలో కొట్టుకొచ్చే సన్నటి జంతు ప్లవకాలను రోజంతా ఏరుకు తింటాయి. ఒక్కసారే కడుపు నింపుకుని మర్నాటిదాకా ఉండే రకం కాదు. రోజుకు కనీసం మూడుసార్లు, కొంచెం కొంచెంగా మేత పడాలి. మా ఇంట్లో మధ్యాహ్నం మేత మా అత్తమ్మ డ్యూటీ. టీవీ సీరియల్‌కు ముందు చిటికెడు వేస్తుంది, ఒక్కరోజు కూడా మరవదు. మీ ఇంట్లో అలాంటివాళ్లు లేకపోతే టైముకు దానంతటదే మేత వేసే ఆటో ఫీడర్ కొనండి. అయితే అది గింజ మేతే వేస్తుంది కాబట్టి, చేపలు గింజలు తినడం నేర్చుకున్నాకే దాని మీద భరోసా పెట్టుకోవాలి. అప్పటిదాకా ఇద్దరిలో ఒకరు లంచ్‌కు ఇంటికి రావాల్సిందే. పొద్దున, సాయంత్రం ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే సన్న రొయ్యల్లాంటి జీవులు) వేయండి. ముందు జల్లెడలో వేసి కడగండి, ఆ రసం ట్యాంకులో పడితే నీళ్లు పాడవుతాయి. ఒట్టి బ్రైన్ ష్రింప్‌తో సరిపెట్టకండి, దాంట్లో సత్తువ తక్కువ. ఇంత మేత పడే ట్యాంకుకు నీటిలోని మలినాలను నురగతో తీసేసే మంచి స్కిమ్మర్ తప్పదు.

ఇక రకం. పర్పుల్ క్వీన్ జోలికి పోకండి. అందంలో దానికి సాటి లేదు, నిజమే. కానీ ట్యాంకులో మేత ముట్టక చిక్కిపోయి చనిపోయేవే ఎక్కువ. పసుపు వీపు, ఊదా పొట్ట ఉండే ఎవాన్సీ కూడా అలాంటిదే. మీకు లైర్‌టెయిల్ మంచిది. ఆడవి మోదుగుపువ్వు రంగులో ఉంటాయి. ఎర్రసముద్రం నుంచి మన హిందూ మహాసముద్రం దాటి పసిఫిక్ దాకా దొరికే గట్టి రకం ఇది. బార్ట్‌లెట్ దీనికంటే చిన్నది, 4 అడుగుల ట్యాంకుకు ఇంకా నయం. కాకపోతే పసిఫిక్ నుంచి రావాలి కాబట్టి ధర ఎక్కువ పలుకుతుంది. ఏది తెచ్చినా అన్నీ చిన్న ఆడవే, నాలుగో ఐదో, ఒకేసారి వదలండి. ఒకటి తర్వాత ఒకటి తెస్తే, ముందొచ్చినది కొత్తదాన్ని బతకనివ్వదు.

దుకాణంలో డబ్బులిచ్చే ముందు మీ ఎదుటే మేత వేయమనండి. తినని చేపను సగం ధరకిచ్చినా తేవద్దు. తల వెనక పొట్ట లోపలికి పోయినా, ఒంటి మీద ఎర్రటి పుండు కనిపించినా, తోక పైకి లేచి తల కిందికి వాలినా వదిలేయండి. ఆఖరిది లోతు నుంచి గబగబా పైకి లాగిన చేపల్లో కనిపించే గాలితిత్తి ఇబ్బంది. తెచ్చాక నాలుగు వారాలు విడి ట్యాంకులో ఉంచండి, అక్కడా మూడు పూటలా మేత తప్పదు. ట్యాంకు మీద జాలీ మూత బిగించండి. బెదిరితే ఇవి ఎగిరి కింద పడతాయి.

ప్రశ్న: మా లైర్‌టెయిల్ ఆడచేపల్లో పెద్దది రంగు మారుతోంది. నారింజ పోయి ఎరుపూ ఊదా కలిసిన రంగు వస్తోంది, వీపు మీద ముల్లొకటి పొడుగైంది. మిగతావాటిని తరుముతోంది. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. - కరీంనగర్ పాఠకురాలు

జవాబు: టెన్షన్ వద్దమ్మా, అది మగదవుతోంది. యాంథియాస్ అన్నీ ఆడవిగానే మొదలవుతాయి. గుంపులో మగది లేకపోతే పెత్తనం చేసే ఆడది కొన్ని వారాల్లో మగదిగా మారిపోతుంది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా మా ఇంటర్ పిల్లలు నవ్వేవాళ్లు, పరీక్షలో మాత్రం అందరూ సరిగ్గా రాసేవాళ్లు. తరమడం మామూలే. ఒకే చేపను పట్టుకుని తరుముతుంటే మేత ఇంకోసారి పెంచండి, దాక్కోవడానికి రాళ్ల సందులు ఎక్కువ చేయండి. ఇంకో మగదాన్ని మాత్రం తేవద్దు.

ప్రశ్న: ఎండాకాలం మా ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలకు పోతున్నాయి. ఐస్ వేయవచ్చా? నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనాల్సిందేనా? - మంచిర్యాల పాఠకుడు

జవాబు: ఐస్ ముక్కలు వేయకండి. వేడీ ఉప్పూ రెండూ ఒక్కసారే పడిపోతాయి. యాంథియాస్‌కు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎప్పుడూ ఈదుతూ ఉండే చేపకు అది పెద్ద కష్టం. మన దగ్గర మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇంత పని చేయదు. అయితే ఆవిరైన నీటి స్థానంలో రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. అవి కూడా టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క, సున్నాకు దగ్గరగా ఉన్నవి. తాగే ఆర్వో మిషన్లలో చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీళ్లు కలుస్తాయి, మీటర్ పెట్టి చూడండి. 45 డిగ్రీల ఎండలు కాసే మీ ఊళ్లో మాత్రం చిల్లర్ కొనలేకపోతే యాంథియాస్ ఆలోచన మానుకోవడమే మేలు. ఇంకొకటి. గాలివానకు కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద చిల్లర్ కాదు, వేవ్‌మేకర్ నడవాలి. నీళ్లు కదలకపోతే చేపకు ఊపిరాడదు.

ప్రశ్న: రామేశ్వరం యాత్రకు పోతున్నాం. ట్యాంకులో పెట్టడానికి పగడపు రాయి తెచ్చుకోవచ్చా? - జగిత్యాల పాఠకుడు

జవాబు: వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలు ఉన్నాయి. ఒడ్డున ఎండిపోయిన ముక్క దొరికినా అదే లెక్క. పైగా అక్కడి నుంచి తూత్తుకుడి వైపు ఉన్న 21 దీవులూ మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ పార్కులోవే. అక్వేరియం కోసం చేసిన సిరామిక్ రాళ్లు దొరుకుతాయి. వాటిని ఉప్పునీటిలో వేసి బ్యాక్టీరియా పట్టేదాకా కొన్ని వారాలు ఆగండి. అమ్మోనియా పరీక్షలో సున్నా వచ్చాకే చేపలు తెండి.