ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి ఆవరణల్లో కనిపించే రాతి పెట్టె సమాధుల లోపల శవం ఉంటుందా?

ఉండదు. భౌతికకాయం నేల కిందే ఉంటుంది. పైన కనిపించేది నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి, మీద బరువైన బండ పరిచి కట్టిన స్మారకం మాత్రమే. లోపల బోలుగానో, ఇటుకల కట్టుబడితోనో ఉంటుంది.

వీటిలో నాకు బాగా ఇష్టమైనవి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బర్ఫర్డ్ ఊళ్లో, సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఉన్నాయి. 17, 18 శతాబ్దాల నాటివి. పెట్టె మీద సగానికి కోసిన దుంగలాంటి రాయి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని ఒంటినిండా లోతైన గాడులు. ఉన్ని వ్యాపారంతో బాగుపడిన ఊరు కాబట్టి అది ఉన్ని మూటేనని చాలామంది చెబుతారు. శవపేటిక మీద గుడ్డ కప్పడానికి వాడిన లోహపు కమానుల చట్రానికి అది అనుకరణ అని మరో వాదన. నాకు ఇదే సబబుగా తోస్తుంది. వారిక్‌లో 15వ శతాబ్దపు ఇంగ్లండ్ ప్రభువు రిచర్డ్ బీచమ్ సమాధిపై అలాంటి చట్రం నేటికీ ఉంది.

ఈ సమాధులకు పెద్ద శత్రువు తుప్పు. పలకలను పట్టి ఉంచే ఇనుప బందులు తుప్పెక్కి ఉబ్బితే రాయి పగులుతుంది. అందుకే, ఎంత దృఢంగా కనిపించినా, దయచేసి వాటి మీద కూర్చోకండి.