టెక్ సందేహాలు: సర్ఫేస్ మీద ముడతలు పోవాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాడ్ (కంప్యూటర్ మీద వస్తువులను డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్ గురించే. అందులోనూ అందరినీ ఏడిపిస్తున్నది సర్ఫేస్ మోడలింగే, అంటే వస్తువు పైతలాన్ని మందం లేని పలకలతో కట్టుకురావడమే కాబట్టి మిగతా సందేహాలను పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

సందేహం: మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సాలిడ్‌వర్క్స్‌లో బ్రాకెట్లు, షాఫ్టులు, గేర్‌బాక్స్ హౌసింగులు ఇబ్బంది లేకుండా చేస్తాను. ప్రాజెక్టు కోసం కంప్యూటర్ మౌసు పై భాగాన్ని సర్ఫేస్‌లతో చేయబోతే మూలల్లో ముడతలు పడుతున్నాయి. సర్ఫేస్ చేసే లాఫ్ట్, బౌండరీ, ఫిల్ కమాండ్లన్నీ వాడి చూశాను. వీడియో చూస్తూ చేస్తే వస్తోంది, సొంతంగా చేస్తే రావడం లేదు. దీన్ని ఎలా నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు కమాండ్లను అనుమానిస్తున్నారు. నా అనుమానం మీ గీతల మీద. ముడతలు పడ్డ సర్ఫేస్‌ను కాసేపు మరిచిపోయి, దానికి ఆధారమైన స్కెచ్ తెరవండి. మౌసు ఫొటోను వెనుక పెట్టుకుని, దాని అంచు వెంబడి పది పన్నెండు పాయింట్లు క్లిక్ చేసుకుంటూ స్ప్లైన్ (ఆ పాయింట్లన్నిటి గుండా పోయే వంపు గీత) గీసి ఉంటారు. కొత్తగా నేర్చుకునేవారు దాదాపు అందరూ చేసే పనే ఇది. ఇప్పుడు ఆ స్ప్లైన్‌కు కర్వేచర్ కోంబ్ ఆన్ చేయండి. గీత పొడవునా సన్నటి పుల్లలు లేస్తాయి. వంపు ఎక్కువున్న చోట పొడవుగా, తక్కువున్న చోట పొట్టిగా ఉంటాయి. వాటి కొసలను కలిపే రేఖ నిదానంగా లేచి నిదానంగా దిగాలి. మీ స్కెచ్‌లో అది ఎగుడుదిగుడుగా పోతూ, ఒకటి రెండు చోట్ల గీతకు అవతలి వైపుకు కూడా దూకుతూ ఉంటుంది. కంటికి నున్నగా కనబడిన గీతలో దాగిన ఆ వణుకే సర్ఫేస్‌లోకి ముడతగా దిగుతుంది.

ఆ స్ప్లైన్‌ను చెరిపేసి, స్టైల్ స్ప్లైన్‌తో మళ్లీ గీయండి. ఇందులో మీరు పెట్టే పాయింట్లన్నిటి గుండా గీత పోదు. మొదటిదాన్నీ చివరిదాన్నీ మాత్రమే తాకుతుంది, మధ్యవి దాన్ని తమ వైపు లాగుతాయి. మౌసును పక్క నుంచి చూస్తే కనబడే రేఖకు నాలుగు పాయింట్లు చాలు, మహా అయితే ఆరు. ఆరుతో ఆపమనడానికి కారణముంది. కొసన ఉన్న పాయింటు గీత ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది, దాని పక్కది ఏ దిశలో బయల్దేరాలో, మూడోది ఎంత వంపుతో బయల్దేరాలో చెబుతుంది. రెండు కొసలకు మూడేసి లెక్కన ఆరు పాయింట్లుంటే, ఒకే ముక్కగా ఉన్న గీత రెండు వైపులా పక్కవాటితో వంపు దాకా కలిసిపోగలదు. అంతకు మించి పెట్టిన ప్రతి పాయింటూ మీరు కాపలా కాయాల్సిన పాయింటే.

ఈ గీతలు పుట్టింది కార్ల కంపెనీల్లోనే. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లోనే ఈ లెక్క కట్టాడు గానీ కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. 1960లలో రెనోలో పియర్ బెజియర్ వేరుగా అదే చోటికి చేరి, తన పనిని ప్రచురించాడు. దాంతో గీతకు బెజియర్ పేరే స్థిరపడింది.

ఇక మూలల సంగతి. సాఫ్ట్‌వేర్ లోపల ప్రతి సర్ఫేసూ నాలుగంచుల పలకే. మీరు మూడంచుల చోట లాఫ్ట్ చేస్తే, నాలుగో అంచు సున్నా పొడవుకు కుంచించుకుపోతుంది. పలక మీది గీతలన్నీ ఒక బిందువు దగ్గర గుమిగూడతాయి. మీ ముడత ఉన్నది సరిగ్గా అక్కడే. రేపు మందం ఇవ్వబోయినా, ఫిల్లెట్ (పదునైన అంచును గుండ్రంగా చేసే వంపు) వేయబోయినా మొరాయించేదీ అక్కడే. అందుకని మౌసు పై భాగాన్ని దాని అంచు దగ్గర ఆపకండి. దర్జీ కుట్టు కోసం గుడ్డ వదిలినట్టు, చుట్టూ ఓ 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా ఒకే పెద్ద పలకగా చేయండి. పక్క గోడలనూ అలాగే, పై పలకను దాటి పైకి పోయేంత ఎత్తుగా చేయండి. అప్పుడు ఒకదానితో ఒకటి ట్రిమ్ చేయండి, అంటే మిగులును కోసేయండి. గుండ్రటి మూల చివర్లో ఫిల్లెట్‌తో వస్తుంది, దాని కోసం ముందే గీతలు గీయనక్కర్లేదు. ఎలా చేసినా మూడంచుల ఖాళీ మిగిలితే, దాని పదునైన కొనను కొద్దిగా కోసి నాలుగంచులు చేసి, అప్పుడు బౌండరీ సర్ఫేస్‌తో మూయండి.

మౌసు రెండు సగాలూ ఒకేలా ఉండేదైతే ఒక సగమే చేసి మిర్రర్ చేయండి. అయితే మీ అడ్డ గీత, రెండు సగాలను విడదీసే మధ్య తలాన్ని కచ్చితంగా లంబంగా తాకాలి. అలా తాకితే రెండు సగాల వంపు కూడా దానంతట అదే సరిపోతుంది. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా మౌసు వీపు మీద ముందు నుంచి వెనక్కి సన్నటి గట్టు కనబడుతుంది. కంటితో అంచనా వేయకుండా, లంబంగానే ఉండాలని స్కెచ్‌లో రిలేషన్ (షరతు) ఇచ్చేయండి.

వీడియోలు చూస్తే వచ్చి, సొంతంగా రాకపోవడానికి కారణం చాలా సాదా. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్న నిర్ణయం వీడియో చేసినవారు రికార్డింగుకు ముందే తీసుకుని ఉంటారు. మీరు చూసేది ఆ తర్వాతి క్లిక్కులే. ఆ నిర్ణయం మీరే తీసుకోవడం అలవాటు కావాలంటే, పాడైపోయిన మౌసునో ఇస్త్రీపెట్టెనో ముందు పెట్టుకుని, కంప్యూటర్ తెరవకుండా, దాని మీదే మార్కరుతో ముక్కల హద్దులు గీయండి. వంపు తీరు మారే చోట హద్దు పెట్టాలి. రంగు మారిందనో, ప్లాస్టిక్ విడిభాగం మొదలైందనో హద్దు గీస్తే అనవసరపు ముక్కలు పెరుగుతాయి. పెద్ద ముక్కలు ముందు, వాటిని కలిపేవి తర్వాత, ఫిల్లెట్లు అన్నిటికన్నా చివర. మీరడిగిన క్రమం ఇంతే.

సందేహం: హైదరాబాద్‌లో ఆటోమొబైల్ డిజైన్ సంస్థలో ట్రైనీగా చేరాను. కాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నేను చేసిన డోర్ ట్రిమ్ (కారు తలుపు లోపలి తొడుగు) భాగాన్ని మా లీడ్ తిప్పి పంపారు. ‘జీ1 సరిపోదు, జీ2 కావాలి, జీబ్రా చూసుకో’ అన్నారు. మళ్లీ అడగడానికి మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అడగడానికి మొహమాటపడకండమ్మా, ఆయనకూ ఒకరెవరో చెప్పే ఉంటారు. రెండు సర్ఫేస్‌ల అంచులు ఖాళీ లేకుండా తాకితే జీ0. తాకిన చోట రెండూ ఒకే దిశలో పోతుంటే జీ1. వంపు కూడా సమానంగా ఉంటే జీ2. మామూలు ఫిల్లెట్ జీ1 దగ్గరే ఆగుతుంది. చదునైన తలం పక్కన 5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఫిల్లెట్ వేశారనుకోండి. చదును మీద వంపు సున్నా. ఫిల్లెట్ మొదలైన మరుక్షణం అది (1ని వ్యాసార్థంతో భాగిస్తే) మిల్లీమీటరుకు 0.2. మధ్యలో మెట్టు లేదు, ఒక్కసారిగా గెంతు. వేలితో తడిమితే తెలియదు గానీ, మెరిసే భాగం మీద వెలుగు పడితే ఆ గెంతు గీతలా కనబడుతుంది.

జీబ్రా పరీక్ష ఆ వెలుగును నలుపు తెలుపు చారలుగా చూపిస్తుంది. అతుకు దగ్గర చారలు తెగి పక్కకు జరిగితే మీది జీ0. కలిసినా అక్కడ మోచేయిలా మలుపు తిరిగితే జీ1. అతుకు ఎక్కడుందో తెలియకుండా సాగిపోతే జీ2. మోడల్‌ను నిదానంగా తిప్పుతూ చూడండి, ఒకే కోణంలో చూస్తే మోసపోతారు. మీ విషయంలో, ఆ ఫిల్లెట్‌ను తీసేసి రెండు సర్ఫేస్‌లనూ కొంచెం వెనక్కి కోసి, మధ్య ఖాళీని బ్లెండ్ కమాండ్‌తో నింపండి. రెండంచుల దగ్గరా కంటిన్యుటీని కర్వేచర్‌కు మార్చండి. మరో మాట. బయటికి కనబడని లోపలి పక్కటెముకలకు (బలం కోసం పెట్టే పట్టీలకు) కూడా జీ2 ఇవ్వాలని కూర్చుంటే సాయంత్రమైపోతుంది. చూసే కన్ను ఎక్కడ పడుతుందో అక్కడే ఈ శ్రమ పెట్టండి.

సందేహం: సర్ఫేస్‌లన్నీ చూడటానికి బాగానే ఉన్నాయి. నిట్ చేస్తే (ముక్కలను కలిపి కుడితే) సాలిడ్ (నిండుగా ఉన్న ఘన రూపం) కావడం లేదు. ఒక్కోసారి సాలిడ్ అయినా 2 మిల్లీమీటర్ల మందం ఇస్తే ఎర్రర్ వస్తోంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది అంచుల మధ్య సన్నటి ఖాళీ. నిట్ విండోలోనే గ్యాప్ కంట్రోల్ ఉంటుంది, ఖాళీలు ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో చూపిస్తుంది. రైనో అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు షో ఎడ్జెస్‌లో నేకెడ్ ఎడ్జెస్ చూడండి, అతుక్కోని అంచులు రంగుతో బయటపడతాయి. టాలరెన్సు (ఎంత ఖాళీ వరకు వదిలేయవచ్చన్న హద్దు) పెంచేసి బలవంతంగా అతికించాలనిపిస్తుంది. వద్దు. ఆ ఖాళీ ఎక్కడికీ పోదు, అచ్చు తయారుచేసే దగ్గర మళ్లీ తేలుతుంది. ఖాళీ ఉన్న అంచును మళ్లీ కట్టుకోవడమే మంచిది. ఐజెస్, స్టెప్ అనేవి ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మోడల్ పంపే ఫైలు రూపాలు. ఫైలు మీకు ఐజెస్ రూపంలో వచ్చి ఉంటే, పంపినవారిని స్టెప్ అడగండి. ఐజెస్‌లో చాలాసార్లు సర్ఫేస్‌లు ఏ ముక్కకు ఆ ముక్కగా వస్తాయి.

రెండోదానికి వంపే కారణం. లోపలికి 2 మిల్లీమీటర్లు మందం ఇస్తున్నారు. ఎక్కడో 1.5 మిల్లీమీటర్ల ఫిల్లెట్ ఉంది. లోపలికి జరిగేకొద్దీ దాని వ్యాసార్థం తగ్గి, 1.5 దగ్గరే సున్నా అయిపోతుంది, ఆ పైన తిరగబడుతుంది. కర్వేచర్ అనాలిసిస్‌లో అతి చిన్న వ్యాసార్థం ఎంతో చూసి దాన్ని 2 కంటే పెంచండి. లేదా ఆ ఫిల్లెట్‌ను ఆపి, మందం ఇచ్చాక వేయండి.

సందేహం: డబ్బు పెట్టకుండా సర్ఫేస్ మోడలింగ్ నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ వచ్చు, అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బ్లెండర్ ఆకారాన్ని చూసే చూపు నేర్పుతుంది. కానీ దానిలో ప్రధానంగా పని చేసేది చిన్న చిన్న పలకల వలతో. కర్మాగారం అడిగేది లెక్క ప్రకారం కచ్చితమైన సర్ఫేస్. సరిపోదు.

ఫ్యూజన్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ వ్యక్తిగత వాడకానికి ఉచితం, అయితే ఒకేసారి 10 ఫైళ్లనే మార్చుకోగలరు, దాంతో వ్యాపారం చేయకూడదు. విద్యార్థులకైతే కాలేజీ వివరాలు చూపితే పూర్తి సాఫ్ట్‌వేరే వస్తుంది. బ్లెండర్ అలవాటున్న మీకు అందులోని ఫార్మ్ విభాగం ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. అక్కడే ఉండిపోకుండా ప్యాచ్, ట్రిమ్, స్టిచ్ ఉన్న సర్ఫేస్ ట్యాబ్‌లోకి రండి. ఆన్‌షేప్ బ్రౌజర్లోనే నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ అయినా నెట్టుకొస్తుంది, కానీ ఉచిత ఖాతాలో మీ ఫైళ్లు లోకమంతా చూడవచ్చు. ప్రాజెక్టు రహస్యమైతే దాని జోలికి పోకండి. రైనోను 90 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు. మొదటి జవాబులో చెప్పిన, గీతను తమ వైపు లాగే పాయింట్ల (కంట్రోల్ పాయింట్ల) సంగతి చేతికి తెలియాలంటే దానికి మించింది లేదని నా అభిప్రాయం. సెలవులు మొదలయ్యే రోజున ఇన్‌స్టాల్ చేసుకోండి, పరీక్షల ముందు కాదు.

సందేహం: నున్నటి సర్ఫేస్‌ను 3డీ ప్రింట్ చేస్తే పలకలు పలకలుగా వచ్చింది. ప్రింటర్ లోపమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పొరల గీతలైతే ప్రింటర్ వైపు చూడాలి. పలకలంటున్నారు కాబట్టి తప్పు ప్రింటింగుకు పంపే ఎస్‌టీఎల్ ఫైలుది. ఆ రూపంలోకి మార్చేటప్పుడు సర్ఫేస్ త్రికోణాలుగా విరుగుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లోకి వెళ్లి డీవియేషన్‌ను (అసలు సర్ఫేస్ నుంచి త్రికోణాలు ఎంత తప్పుకోవచ్చన్న హద్దును) 0.01 మిల్లీమీటరుకు, కోణాన్ని 5 డిగ్రీలకు తగ్గించి మళ్లీ పంపండి. ఫైలు బరువెక్కి స్లైసర్ (మోడల్‌ను ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) నత్తనడక నడిస్తే డీవియేషన్‌ను 0.02 చేయండి.