మండలం జిల్లా మారింది, ఊళ్లు మారలేదు

ప్రశ్న: మాది అమలాపురంలో ఎరువుల కొట్టు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా తమ్ముడు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో రాసిచ్చాడు. జిల్లా, మండలం, ఊరు, శివారు అన్నీ ఒకే టేబుల్‌లో, ప్రతి వరుసకీ ఒక పేరెంట్ ఐడీ, అంటే దాని పైనున్న వరుస నంబరు. ఆత్రేయపురం మండలాన్ని తూర్పు గోదావరి కింద నుంచి తీసి కోనసీమ కింద పెట్టాను, అయినా ర్యాలి రైతులు రిపోర్టులో తూర్పు గోదావరిలోనే వస్తున్నారు. ఒక్కో ఊరూ చేత్తో మార్చాలా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చేత్తో అసలు వద్దండీ. మీరు చేసిన మార్పు సరైనదే. ర్యాలికి పేరెంట్ ఆత్రేయపురం, అది మారలేదు కాబట్టి ఊరి పేరెంట్ ఐడీని ముట్టుకునే పనే లేదు. మరి పాత జిల్లా ఎక్కడి నుంచి వస్తోందంటే, రిపోర్టు త్వరగా రావాలని ఊరి వరుసలోనే జిల్లా ఐడీ అని ఇంకో కాలమ్ పెట్టి ఉంటారు, చూడండి. పైన పేరెంట్ మారినంత మాత్రాన డేటాబేస్ ఆ కాలమ్‌ని మార్చదు. ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ (పై వరుస ఐడీ మారితే కింది వరుసల్లోనూ మార్చమనే ఏర్పాటు) పెట్టినా లాభం లేదు, ఎందుకంటే అది ఐడీయే మారినప్పటి మాట, ఇక్కడ ఆత్రేయపురం ఐడీ అలాగే ఉంది.

ఊళ్ల వరకే అయితే పేరెంట్ ఐడీ ఆత్రేయపురంగా ఉన్న వరుసలన్నిటికీ ఒక్క అప్‌డేట్ సరిపోయేది. ఊళ్ల కింద శివార్లు కూడా ఉన్నాయి కాబట్టి విత్ రికర్సివ్ (దొరికినవాటి కిందివి మళ్లీ మళ్లీ వెతికే క్వెరీ) వాడండి, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఉంది. మొదటి సెలెక్ట్‌లో ఆత్రేయపురం ఒక్క వరుస తీసుకోండి. రెండు సెలెక్ట్‌లనీ కలిపే యూనియన్ ఆల్ పెట్టి, రెండో సెలెక్ట్‌లో కిందటి విడతలో దొరికిన వరుసలు ఎవరికి పేరెంటో వాటిని తెమ్మనండి. మొదటి విడత ఊళ్లు, తర్వాతి విడత శివార్లు, ఇక ఏమీ దొరకనప్పుడు అదే ఆగుతుంది. ఆ లిస్టుని అసలు టేబుల్‌తో ఐడీ మీద జాయిన్ చేసి జిల్లా ఐడీని కోనసీమకి సెట్ చేయండి. ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి (కమిట్ కొట్టేదాకా మార్పులు ఖాయం కావు), అప్‌డేట్ బదులు సెలెక్ట్ పెట్టి వచ్చిన పేర్లు కళ్లారా చూసుకుని, ఆ తర్వాతే అప్‌డేట్, కమిట్.

నన్నడిగితే ఆ కాలమ్ తీసేయడమే మేలు. మీ కొట్టుకి వచ్చే ఊళ్లెన్ని, అడిగినప్పుడల్లా పైకి వెతుక్కున్నా కంప్యూటర్‌కి అదో లెక్క కాదు. బిల్లుల టేబుల్ మాత్రం వేరు. కొత్త జిల్లాలు వచ్చింది 2022 ఏప్రిల్ 4న, అంతకు ముందు రాసిన బిల్లు ఇప్పుడు ప్రింట్ తీస్తే అందులో తూర్పు గోదావరే రావాలి. కాబట్టి బిల్లు రాసిన రోజు అడ్రసుని బిల్లులోనే దాచండి, ఈ అప్‌డేట్‌తో దాన్ని కదపకండి.

ప్రశ్న: చేపల మేత సరుకుల గ్రూపులు సర్దుతుంటే 'రికర్సివ్ క్వెరీ 1001 సార్లు తిరిగి ఆగిపోయింది' అని ఎర్రర్ వస్తోంది. లిమిట్ పెంచనా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పెంచకండి, ఇంకాసేపు తిరిగి మళ్లీ ఆగుతుంది, అంతే. అన్ని మెట్లున్న సరుకుల గ్రూపు ఎక్కడా ఉండదు కాబట్టి, ఏదో పెద్ద గ్రూపుని దాని కిందే ఉన్న చిన్న గ్రూపుకి పిల్లని చేసి ఉంటారు, అందుకే క్వెరీ అక్కడక్కడే తిరుగుతోంది. నిన్నామొన్నా మార్చిన వరుసల పేరెంట్ ఐడీలు చూసి ఆ ముడి విప్పండి. ఇకపై పేరెంట్ మార్చేముందు, కదిలించే గ్రూపు కింద ఉన్నవన్నీ ఇదే పద్ధతిలో తీసి, కొత్త పేరెంట్ అందులో ఉంటే ప్రోగ్రామ్ ఒప్పుకోకుండా చేయండి.